లాగ్ సందేశం ఎక్కడికి వెళ్లాలి? సిస్‌లాగ్ నుంచి జర్నల్ వరకు

తెర వెనుక నడిచే ఒక సర్వీసు అర్ధరాత్రి ఆగిపోయిందనుకోండి. కారణం తెలుసుకోవడానికి తరచుగా మీకు మిగిలేది అది చివరిసారి రాసిన లాగ్ సందేశమే. ఆ సందేశం ఎక్కడ భద్రపడాలో ఎవరు నిర్ణయించాలి? యూనిక్స్ చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానం మారుతూ వచ్చింది.

1980లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ ప్రాజెక్టులో భాగంగా సిస్‌లాగ్‌ను రూపొందించారు. ఇందులో ప్రోగ్రాము తన సందేశానికి విభాగాన్ని, తీవ్రతను (0 నుంచి 7 వరకు, 0 అత్యంత తీవ్రం) జోడించి అప్పగిస్తుంది. దాన్ని ఫైలుకు పంపాలా, టెర్మినల్‌కా, మరో కంప్యూటరుకా అన్నది నిర్వాహకుడి ఇష్టం. ఈ పని విభజనే సిస్‌లాగ్ అసలు బలం. వాడకం ముందు విస్తరించింది, కచ్చితమైన ప్రమాణం ఆర్‌ఎఫ్‌సి 5424 రూపంలో 2009లో గాని రాలేదు!

అయితే ఒక చిక్కు ఉంది. పాత పద్ధతిలో డీమన్ నేపథ్యంలోకి వెళ్తూ తన ప్రామాణిక అవుట్‌పుట్‌ను శూన్య పరికరానికి మళ్లించేది. సిస్‌లాగ్‌ను పిలవకుండా నేరుగా ముద్రించిన దోష సందేశం అక్కడే మాయమయ్యేది. పైగా సందేశంలోని ప్రాసెస్ సంఖ్య పంపినవారు చెప్పుకున్నదే. అబద్ధమైనా పట్టుకోవడం కష్టం.

2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ ప్రారంభించిన సిస్టమ్‌డి ఈ బాధ్యతను సర్వీస్ మేనేజరుకు అప్పగించింది. సర్వీసు మొదలుకాక ముందే మేనేజరు దాని అవుట్‌పుట్‌ను ఒక గమ్యానికి కలుపుతుంది. 2011లో ప్రకటించిన జర్నల్, పంపినవారి ప్రాసెస్ సంఖ్యను, వినియోగదారు సంఖ్యను కెర్నల్ నుంచే తీసుకుంటుంది. చరిత్ర విద్యార్థి భాషలో చెప్పాలంటే, సాక్షి మాటకు స్వతంత్ర ధ్రువీకరణ దొరికింది. జర్నల్ బైనరీ రూపంపై విమర్శలూ వచ్చాయి. మామూలు పాఠ్య సాధనాలతో నేరుగా చదవలేని లాగ్‌ను అనుమానించడంలో న్యాయం లేకపోలేదు.

గమ్యాల జాబితా క్రమంగా పెరిగింది. జర్నల్, శూన్య పరికరం, టెర్మినల్, కెర్నల్ లాగ్‌లకు తోడుగా 236వ వెర్షన్‌లో 'ఫైల్', 240లో 'అపెండ్' చేరాయి. ఈ రెండింటి తేడా గమనించండి: 'ఫైల్' పాత ఫైలును ఖాళీ చేయకుండానే మొదటి నుంచి రాస్తుంది, కాబట్టి పాత వరుసల మీద కొత్తవి పడతాయి, 'అపెండ్' చివర చేరుస్తుంది. 2020లో వచ్చిన 246వ వెర్షన్ నుంచి 'సిస్‌లాగ్' అని రాసినా అది 'జర్నల్'గానే అమలవుతుంది.

జర్నల్ నిల్వ అమరిక 'ఆటో'గా ఉన్నప్పుడు, డిస్కుపై జర్నల్ డైరెక్టరీ లేకపోతే సందేశాలు మెమరీలోనే ఉంటాయి. ఆగిన సర్వీసు కోసం యంత్రాన్ని రీబూట్ చేసే ముందు ఆ డైరెక్టరీ ఉందో లేదో చూడండి.