పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా ఫోన్‌లో కెమెరా రావట్లేదా? సెట్టింగ్స్ మార్చే ముందు ఈ ఒక్క నంబర్ చూడండి

ఊళ్లో ఇంటికి నాలుగు సీసీ కెమెరాలు, ఒక డీవీఆర్. ఇంట్లో వైఫైలో చూస్తే బొమ్మ చక్కగా వస్తుంది. గేటు దాటి మొబైల్ డేటా ఆన్ చేయగానే స్క్రీన్ నల్లబడిపోతుంది. హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ అమ్మానాన్నలున్న ఇంటిని ఫోన్‌లో చూసుకోవాలనుకునే వాళ్లకు ఇది బాగా తెలిసిన ఇబ్బందే. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే చాలని ఎవరో చెబుతారు. అదీ పెడతారు. అయినా రాదు. ఇలాంటప్పుడు రూటర్ సెట్టింగ్స్‌ను పదేపదే మార్చడం కన్నా, తప్పు ఎక్కడుందో వరుసగా చూసుకుంటూ వెళ్లడం మేలు.

అసలు పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఏంటి?

ఇంట్లో ఫోన్లు, టీవీ, కంప్యూటర్, డీవీఆర్ ఎన్ని ఉన్నా బయటకు కనిపించేది మామూలుగా రూటర్ ఒక్కటే. ఇది అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్ లాంటిది. లోపలి వాళ్లు అడిగి తెప్పించుకున్నది సరిగ్గా ఆ ఫ్లాట్‌కే పంపిస్తుంది. చెప్పాపెట్టకుండా బయటి నుంచి వచ్చిన వాళ్లను మాత్రం గేటు దగ్గరే ఆపేస్తుంది. 'ఫలానా పోర్ట్ నంబర్‌కు వచ్చిన వాళ్లను ఫలానా డివైజ్‌కు పంపు' అని రూటర్‌కు ముందే చెప్పి పెట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్.

ముందు చూడాల్సింది వాన్ ఐపీ

రూటర్ పేజీలోకి లాగిన్ అయి స్టేటస్ విభాగంలో 'వాన్ ఐపీ' నంబర్ రాసుకోండి. తర్వాత అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో, వీపీఎన్ ఆఫ్ చేసి, మీ ఐపీవీ4 అడ్రస్ చూపించే ఏదైనా వెబ్‌సైట్ తెరవండి. రెండు నంబర్లూ ఒకటే అయితే సమస్య ఇంట్లోనే ఉండే అవకాశం ఎక్కువ. వేర్వేరుగా ఉంటే మీ రూటర్‌కు బయట ఇంకో గేటు ఉందన్నమాట.

వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య నంబర్లతో మొదలైతే అది సీజీనాట్. ఐపీవీ4లో ఉన్న అడ్రస్‌లు దాదాపు 430 కోట్లే. కొత్తగా పంచడానికి ప్రపంచస్థాయిలో ఉన్న నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. దాంతో చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతున్నాయి. అంటే అపార్ట్‌మెంట్ గేటు మీ చేతిలో ఉన్నా, కాలనీ గేటు కంపెనీ చేతిలో ఉంది. మీ రూటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా కాలనీ గేటు తెరుచుకోదు.

వాన్ ఐపీ 10తో గానీ, 192.168తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న నంబర్లతో గానీ మొదలైతే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి సీజీనాట్. రెండోది, ఇంట్లోనే రెండు రూటర్లు ఉండటం. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన బాక్స్ కూడా చాలా ఇళ్లలో రూటరే. దాని వెనక సొంత రూటర్ పెడితే రెండు గేట్లు అవుతాయి. అప్పుడు ఫైబర్ బాక్స్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాలి. లేదా రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి.

నంబర్లు ఒకటే అయితే ఇవి చూడండి

* డివైజ్ ఐపీ మారిందా?: నిన్నటిదాకా పనిచేసి, కరెంటు పోయి వచ్చాక ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. రూల్ 192.168.1.5కు రాసి ఉంటుంది, డీవీఆర్‌కు ఇప్పుడు 192.168.1.8 వచ్చి ఉంటుంది. రూటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ పెడితే ఆ ఐపీ మారదు.

* ఇంట్లో తెరుచుకుంటోందా?: వైఫైలోనే ఉండి డివైజ్ ఐపీ, పోర్ట్ నంబర్ కొట్టి చూడండి. అక్కడా రాకపోతే తప్పు పోర్ట్ ఫార్వర్డింగ్‌ది కాదు. ప్రోగ్రామ్ ఆగిపోయి ఉండాలి, పోర్ట్ నంబర్ తప్పు అయి ఉండాలి, లేదంటే డివైజ్‌లోని ఫైర్‌వాల్ ఆపుతూ ఉండాలి.

* డీవీఆర్‌లో గేట్‌వే: ఇక్కడ రూటర్ ఐపీ ఉండాలి. అది తప్పుగా ఉంటే ఇంట్లో బాగానే వస్తుంది, బయట మాత్రం రాదు.

* కంప్యూటర్ ఫైర్‌వాల్: విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్స్‌లోకి వెళ్లి ఆ పోర్ట్‌కు అనుమతి ఇవ్వాలి. రూల్ 'ప్రైవేట్' నెట్‌వర్క్‌కు రాసి, వైఫై 'పబ్లిక్'గా ఉంటే పనిచేయదు. యాంటీవైరస్‌కు సొంత ఫైర్‌వాల్ ఉంటే అదీ చూడాలి. అంతేకానీ ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేసి వదిలేయొద్దు.

* రూల్‌లో పొరపాట్లు: టీసీపీ పెట్టాల్సిన చోట యూడీపీ పెట్టడం, ఒకే బయటి పోర్ట్‌ను రెండు డివైజ్‌లకు ఇవ్వడం, సేవ్ నొక్కడం మర్చిపోవడం మామూలే. 80 లాంటి పోర్ట్‌లను కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు ఆపేస్తాయి. అప్పుడు బయటి పోర్ట్‌గా వేరే నంబర్ ఇచ్చి చూడాలి.

టెస్ట్ చేసేటప్పుడు జాగ్రత్త

ఇంటి వైఫైలో కూర్చుని పబ్లిక్ ఐపీ కొట్టి చూస్తే కొన్ని రూటర్లలో తెరుచుకోదు. సెట్టింగ్ సరిగ్గా ఉన్నా రాలేదనిపిస్తుంది. అందుకే వైఫై ఆపేసి మొబైల్ డేటాతోనే చూడాలి. పోర్ట్ చెక్ చేసే వెబ్‌సైట్లు వాడితే ఆ సమయానికి డివైజ్, ప్రోగ్రామ్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే 'క్లోజ్డ్' అనే చూపిస్తాయి.

అంతా పనిచేసి కొన్నాళ్లకు ఆగిపోతే మీ పబ్లిక్ ఐపీ మారిందేమో చూడండి. రూటర్‌లో డీడీఎన్ఎస్ పెట్టుకుంటే ఐపీ మారినా ఒకే పేరుతో కనెక్ట్ కావచ్చు.

సీజీనాట్ ఉంటే దారేంటి?

కంపెనీకి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ గానీ, స్టాటిక్ ఐపీ గానీ ఇస్తారేమో అడగండి. సాధారణంగా దీనికి విడిగా డబ్బు కట్టాలి. అది వద్దనుకుంటే డీవీఆర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసే సదుపాయం ఉందేమో చూడండి. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌లు కూడా సీజీనాట్ వెనక నుంచి పనిచేస్తాయి. వీటికి రూటర్‌లో పోర్ట్ తెరవాల్సిన అవసరం ఉండదు.

పోర్ట్ తెరిచే ముందు పాస్‌వర్డ్ మార్చండి

మీ కోసం తెరిచిన పోర్ట్ ఊరందరికీ కనిపిస్తుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ చేసింది ఇదే. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌నే అలా వదిలేసిన కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లను వెతికి పట్టుకుని తన చేతిలోకి తీసుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి డివైజ్‌లతో డిన్ అనే కంపెనీపై జరిగిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లకే అంతరాయం కలిగింది.

అందుకే పోర్ట్ తెరిచే ముందే పాస్‌వర్డ్ మార్చండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. కావాల్సిన ఒక్క పోర్టే తెరవండి. పని అవ్వట్లేదని విసుగొచ్చి డివైజ్‌ను డీఎంజెడ్‌లో పెడితే రూటర్ రక్షణ దానికి ఉండదు. కంప్యూటర్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్‌ను నేరుగా తెరవొద్దు. దానికి వీపీఎన్ వాడటమే మంచిది. ఇక అవసరం లేదనుకున్న రోజే ఆ రూల్ తీసేయండి. ఇంటిని కనిపెట్టుకోవడానికి పెట్టిన కెమెరాయే దొంగకు దారి చూపించకూడదు.