మనోవర్తి నుంచి దస్తావేజు దాకా

ముసలివాళ్లను సొంతవాళ్లే కొడుతున్నారన్న మాట వైద్య పత్రికలకెక్కింది 1975లో, బ్రిటన్‌లో. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు డాక్టర్ బర్స్‌టన్ రాసిన చిన్న లేఖ అది. జూన్ 15ను వృద్ధులపై వేధింపుల అవగాహన దినంగా ఐక్యరాజ్య సమితి గుర్తించేసరికి 2011 వచ్చింది. మన దేశంలో కథ వేరే దారిన నడిచింది. మన చట్టం ముందుగా చూసింది దెబ్బల్ని కాదు, తిండిని.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ భార్యాపిల్లలకు మనోవర్తి ఇప్పించింది గానీ తల్లిదండ్రుల ఊసెత్తలేదు. 1956 చట్టం హిందూ కుటుంబాల్లో వాళ్లను పోషించే బాధ్యతను కొడుకుతోపాటు కూతురి మీదా పెట్టింది, సివిల్ కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవాళ్ల కోసం. 1973 కోడ్‌లోని 125వ సెక్షన్ మేజిస్ట్రేటు దగ్గరికి దారి చూపింది. నెలకు 500 రూపాయలకు మించకూడదన్న అందులోని హద్దు 2001 దాకా కదల్లేదు. పెళ్లయిన కూతురూ బాధ్యురాలేనని 1987లో సుప్రీంకోర్టే చెప్పాల్సివచ్చింది.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం ట్రిబ్యునళ్లు పెట్టి వకీళ్లను దూరముంచింది. మన రెండు రాష్ట్రాల్లో ఆర్డీవోల దగ్గరికి వెళ్తే సరి. భరణానికి నెలకు 10,000 రూపాయల హద్దు పెట్టింది; దాన్ని ఎత్తేద్దామన్న 2019 బిల్లు మురిగిపోయింది. 2021 నుంచి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు దేశమంతా పనిచేస్తోంది.

నా దృష్టిలో అసలు మలుపు 2007 చట్టంలోని 23వ సెక్షన్. బాగోగులు చూడాలన్న షరతు మీద ఇల్లో పొలమో రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. వేధింపుల మూలం చాలా ఇళ్లలో రిజిస్ట్రేషన్ దగ్గరే ఉందని చట్టం గ్రహించింది. కానీ కొడుకు పేరున గిఫ్టు రాసేటప్పుడు షరతు ఎవరు రాయిస్తారు? రాయిస్తే నమ్మకం లేదనే కదా, ఇంట్లో అలకలు మొదలు. ఆ మొహమాటానికి మూల్యం 2022లో తేలింది: షరతు ఉన్నట్టు రుజువు కాకపోతే 23 వర్తించదంది సుప్రీంకోర్టు. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు కాస్త మెత్తబడింది. ఇది వృద్ధుల మేలు కోరే చట్టం, ఉదారంగా చదవాలంది. తల్లి ఇచ్చిన గిఫ్టు డీడును రద్దుచేసి, ఆస్తిని ఆమెకు తిరిగి అప్పగించమంది. అవసరమైతే ఖాళీ చేయించే అధికారమూ ట్రిబ్యునల్‌కు ఉందని తేల్చింది.