దండోరాకు ముందు దస్తరం

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఏ కబురైనా ఊరందరికీ తెలియాలంటే ఒకప్పుడు డప్పు మోగాల్సిందే. శిస్తు కట్టమన్నా, వేలంపాట ఉందన్నా వీధివీధి తిరిగి చాటింది మాదిగ. చాటిన మాట మాత్రం అతనిది కాదు, మునసబుది, కరణానిది. ఎవరికెంత భూమి, ఏ కుంట ఎవరిది అని రాసిన దస్తరం కరణం ఇంట్లో ఉండేది. గొంతు మనది, రాత వాళ్ళది. 1984లో ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. కానీ మన చరిత్ర విషయంలో ఆ పాత ఏర్పాటు ఇంకా పోలేదు. సోషల్ మీడియాలో అది కొత్త రూపంలో తిరిగొస్తోందని నా వాదన.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, చీరాల శిబిరంలో ఉన్న బాధితులకు సొంత పత్రిక లేదు. కరపత్రం, గోడరాత, పాట, సభ – ఇవే సాధనాలు. దళిత మహాసభ వీటితోనే నిలబడింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, శవాలను గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. చనిపోయినవాళ్ళను ఊరి నడుమ పాతిపెట్టి, ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు మనవాళ్ళు. కాగితం మీద చోటు లేనప్పుడు నేలనే పుస్తకం చేసుకున్నారు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, వెట్టికి కొట్టిన డప్పునే ఆత్మగౌరవం డప్పుగా మార్చింది.

ఇవ్వాళ మిరపకాయల కోతకు పొయ్యే పిల్ల చేతిలో కూడా ఫోనుంది. 2010ల్లో హైదరాబాదులో మొదలైన దళిత్ కెమెరా యూట్యూబులో మన మనుషుల మాటల్ని వాళ్ళ గొంతుతోనే వినిపించింది. గుంటూరు బిడ్డ రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోతే, ఆయన ఆఖరి ఉత్తరం ఏ సంపాదకుడి అనుమతికీ ఆగకుండా ఫోన్లలో దేశమంతా తిరిగింది. ఇది చిన్న మార్పు కాదు. మాటా మనదే, చాటేదీ మనమే.

అయితే డప్పు ఎవరిది? ఇక్కడే ఆగి ఆలోచించాలి. కొందరు మిత్రులు అంటారు: "పేజీ పెడదాం, గ్రూపు పెడదాం, వేలమంది చూస్తారు, ఇంకేం కావాలి?" చూస్తారు, నిజమే. పదేళ్ళ తర్వాత వెతికితే దొరుకుద్దా? ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్లో మూతపడింది. అందులో మాట్లాడుకున్న మాటలు విడిగా దాచుకోనివాళ్ళకు ఏం మిగిలింది? రోహిత్ ఫేస్‌బుక్ రాతలు నిలవడానికి ఒక కారణం, ఎవరో వాటిని ఏరి అదే ఏడాది ఇంగ్లీషు పుస్తకంగా అచ్చేయడం. కంపెనీ గోడ మీద రాసింది కంపెనీ గోడతోనే పోద్ది.

రెండోది, చాటింపులో సగం మాటే వినిపిస్తుంది. చుండూరు సంగతే చూడండి. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. అక్కడికే ఆగిన ఫార్వర్డ్ చదివినవాడు న్యాయం జరిగిందనుకుంటాడు. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ వదిలేసిన సంగతి, ఆ తర్వాత కేసు సుప్రీంకోర్టుకెక్కిన సంగతి వాడికి తెలియదు. అబద్ధం ఒక్కటీ లేకుండానే చరిత్ర తప్పుదారి పట్టింది.

మూడోది, వెతికేవాడికి ఎవరి గొంతు వినపడుతోంది? ఒంగోలు మాదిగల చరిత్ర కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూస్తే, మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా క్లౌ 1899లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం పేజీ పోకుండా దొరుకుతుంది. కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మిషనరీ లెక్క. లెక్క రాసినవాళ్ళకు కృతజ్ఞత చెబుదాం. కానీ ఏటిలో దిగిన ఆ 2,222 మంది ఏమనుకున్నారో వాళ్ళ చేత్తో రాసింది ఎక్కడుంది? తెలుగు వికీపీడియాలో రాద్దామన్నా అచ్చయిన ఆధారం అడుగుతారు. మా నాయనమ్మ చెప్పిందంటే కుదరదు. కాబట్టి అచ్చులో లేనివాడు తెర మీద కూడా ఉండడు.

అమెరికాలో బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కొడుకు కార్టర్ వుడ్సన్. ఆయన నల్లవాళ్ళ చరిత్ర కోసం 1915లో సంఘం పెట్టాడు, 1916లో పత్రిక తెచ్చాడు, 1926లో గానీ నీగ్రో చరిత్ర వారం ప్రకటించలేదు. ఆ వారమే తర్వాత నెలయింది. దాన్ని చూసే మనవాళ్ళు 2015 ఏప్రిల్ నుంచి దళిత చరిత్ర మాసం నడుపుతున్నారు. వుడ్సన్ పాటించిన వరస చూడండి: ముందు దస్తరం, తర్వాత దండోరా.

మన సంఘాలు చేయాల్సింది కూడా ఇదే. వాడలో పెద్దలు మాట్లాడితే రికార్డు చేయాలి. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు రికార్డు చేశారో దానితోపాటే రాయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుద్ది, అసలు కాపీ విడిగా దాచాలి. మూడు కాపీలు మూడు చోట్ల ఉండాలి. కారంచేడు, చుండూరు 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. పోస్టులో పాత జిల్లా పేరు, కొత్త జిల్లా పేరు రెండూ పెడితేనే రేపటి విద్యార్థికి దొరుకుతాయి. ఏడాదికొకసారి ఆ మాటల్ని చిన్న పుస్తకంగా అచ్చేయాలి. కారంచేడుకి దగ్గర్లోనే, వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం పాత పత్రికల్ని కాపాడుతోంది. ఒక కాపీ అక్కడికీ ఇవ్వాలి.

ఒక హెచ్చరిక. చాటకూడనివి కూడా ఉంటాయి. లైంగిక దాడికి గురైన స్త్రీల పేర్లు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. అంతకంటే ముందు మన ఆడవాళ్ళకు మనం చేసే ద్రోహం. దోషులుగా పేరు మోసినవాళ్ళ మధ్యనే బతుకుతున్న సాక్షి ముఖం, ఆమెను అడగకుండా యూట్యూబులో పెట్టే హక్కు ఏ చరిత్రకారుడికీ లేదు. ఏది దాచాలో, ఏది చెప్పాలో వాడ నిర్ణయించాలి.

వచ్చే జూలై 17న కూడా స్టేటస్‌లు పెడదాం. దానికంటే ముందు, ఆ రోజుల్ని చూసిన కళ్ళు ఇంకా తెరిచి ఉండగానే వాళ్ళ ఇళ్ళకు వెళ్దాం. అప్పటికి ఇరవై ఏళ్ళున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి.