సంగీత రికార్డింగ్‌లో డ్రైవ్ ఎంపిక

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఏ డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయాలి, మైకు పట్టిన శబ్దం ఏ డ్రైవ్‌లో పడాలి, వాద్యాల శాంపిల్ లైబ్రరీలు ఎక్కడ ఉండాలి: ఈ మూడింటినీ తేల్చుకోవడమే డ్రైవ్ ఎంపిక. కొత్తగా స్టూడియో పెట్టుకునేవాళ్లు చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే తిరుగుతుంటారు. దానికి జవాబు చిన్నది. సాఫ్ట్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డ్రైవ్‌లోనే ఉండాలి. పాట దక్కుతుందా పోతుందా అన్నది తేలేది మిగతా రెండు ప్రశ్నల దగ్గర. గదిలో కూర్చుని చేసే రికార్డింగ్‌కు ఒక జవాబు, మెదక్ జిల్లాలోని ఏడుపాయల జాతర లాంటి చోట చేసే రికార్డింగ్‌కు మరో జవాబు వస్తుంది.

క్యాసెట్ నుంచి డిస్కుకు

క్యాసెట్ల కాలంలో ఈ తర్జనభర్జన లేదు. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్ పద్ధతిలో యంత్రం వేరు, టేపు వేరు. సీ-60 కొంటే ఒక్కో పక్క అరగంట, సీ-90 కొంటే ముప్పావుగంట. ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన ప్రజాగాయకుడు గద్దర్ పాటలు ఊళ్లు తిరిగింది ఆ టేపుల మీదే. 1989లో డిజిడిజైన్ సంస్థ సౌండ్ టూల్స్ పేరుతో మాకింటోష్ హార్డ్ డిస్కు మీద రెండు ట్రాకుల రికార్డింగ్ తెచ్చింది. 1991లో ప్రో టూల్స్ నాలుగు ట్రాకులతో వచ్చింది. అప్పటి డిస్కులు నెమ్మది. పాట నడుస్తుండగా సిస్టమ్ తన సొంత పనికి డిస్కును వాడుకుంటే రికార్డింగ్ తెగే ప్రమాదం ఉండేది. ఆడియోకు ప్రత్యేకంగా రెండో డిస్కు కావాలన్న సలహా ఆ అనుభవంలోంచి వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ సలహా చెలామణిలోనే ఉంది, కారణం మాత్రం చాలామంది మరిచిపోయారు.

సీ డ్రైవ్, డీ డ్రైవ్

ఒకే డిస్కును సీ, డీ, ఈ అని భాగాలు చేసి ఇవ్వడం మన కంప్యూటర్ షాపుల్లో పాత అలవాటు. "సీలో ఏం పెట్టకు, ఫార్మాట్ కొడితే పోతయ్" అన్న హెచ్చరిక కూడా దానితోపాటే వస్తుంది. ఫొటోలకు, పాటలకు అది మంచి మాట. సాఫ్ట్‌వేర్‌కు అది పనికిరాదు. విండోస్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను డీలో ఇన్‌స్టాల్ చేసినా దాని సెట్టింగులు, రిజిస్ట్రీ వివరాలు సీలోనే పడతాయి. వీఎస్‌టీ3 ప్లగిన్లకు స్టైన్‌బర్గ్ సంస్థ నిర్ణయించిన చోటు కూడా సీ డ్రైవ్‌లో, ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలి కామన్ ఫైల్స్ ఫోల్డరే. విండోస్ మళ్లీ ఎక్కించాక డీలో పాత ఫోల్డర్ మిగిలే ఉంటుంది కానీ సాఫ్ట్‌వేర్ సరిగా నడవదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయక తప్పదు. డీలో పెట్టి దాచుకున్నది ఏమీ ఉండదు. రీపర్ లాంటి కొన్ని సాఫ్ట్‌వేర్లు తమ సెట్టింగులన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడిచే వీలు ఇస్తాయి. అవి మినహాయింపు.

వేగం సంగతి. తెరుచుకునేటప్పుడు సాఫ్ట్‌వేర్ డ్రైవ్ నుంచి ర్యామ్‌లోకి వస్తుంది, ఆ తర్వాత దాని పని ఎక్కువగా ర్యామ్‌లోనే. మంచి డ్రైవ్ ఉంటే త్వరగా తెరుచుకుంటుంది, అంతే. పాడేవాళ్లకు హెడ్‌ఫోన్‌లో తమ గొంతు ఆలస్యంగా వినిపించడానికి డ్రైవ్ కారణం కాదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, శబ్దాన్ని ముక్కలుగా పట్టి ఉంచే బఫర్‌ను 128 శాంపిళ్లకు పెడితే ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం సుమారు 2.7 మిల్లీసెకన్లు. అది ఇంకా తగ్గాలంటే ప్రాసెసర్, ఆడియో ఇంటర్‌ఫేస్, దాని డ్రైవర్ బాగుండాలి. ఈ ఆలస్యం పోతుందని ఖరీదైన డ్రైవ్ అంటగట్టేవాళ్లను నమ్మకూడదు.

అన్నింటికంటే గట్టిగా పాతుకున్న అపోహ పార్టిషన్ గురించి. ఒకే హార్డ్ డిస్కులో సీ, డీ అని గీత గీసినంత మాత్రాన రెండు డిస్కులు కావు. లోపల హెడ్లన్నీ ఒకే చేతికి ఉంటాయి, కలిసే కదులుతాయి. సీలోని విండోస్‌ను, డీలోని ఆడియోను ఒకేసారి చూసుకోవాలంటే ఆ చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు తిరగాలి. విడదీయడం వల్ల అక్కడ పని పెరుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి పార్టిషన్ వల్ల వేగంలో లాభమూ లేదు, నష్టమూ లేదు.

లెక్క

24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క ట్రాక్ సెకనుకు 1,44,000 బైట్లు తీసుకుంటుంది. అంటే నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. పదహారు ట్రాకులు ఒకేసారి నడిస్తే సెకనుకు 2.3 ఎంబీ, గంటకు 8.3 జీబీ. మామూలు హార్డ్ డిస్కు కూడా వరుసగా రాసేటప్పుడు సెకనుకు 100 ఎంబీ దాటుతుంది. కాబట్టి రాసే వేగానికి లోటు లేదు.

చిక్కు వెతుకులాటలో ఉంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ కదలడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు. మొత్తం కలిపితే సెకనుకు దాదాపు ఎనభై చోట్లకు మించి వెళ్లలేదు. డప్పు, డోలు, హార్మోనియం, నాలుగు గొంతులు ఉన్న పాటకు ఇది హాయిగా సరిపోతుంది, ఆ డిస్కు ఆడియోకే కేటాయించి ఉంటే. అదే డిస్కు మీద విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్ మొదలైతే రికార్డింగ్ మధ్యలో టప్పుమన్న శబ్దమో, ఖాళీయో వస్తుంది.

ఎస్‌ఎస్‌డీకి వెతుకులాట ఆలస్యం మిల్లీసెకనులో పదోవంతు కూడా ఉండదు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ వరకు చదువుతుంది, ఎన్‌వీఎంఈ రకాలు అంతకు ఎన్నో రెట్లు. ఒకే మంచి ఎస్‌ఎస్‌డీలో సిస్టమ్, సాఫ్ట్‌వేర్, ఆడియో అన్నీ ఉన్నా పదహారు ట్రాకులు దానికి బరువు కావు. రెండో డ్రైవ్ అవసరం ఇవాళ్టికీ ఉంది, కానీ అది వేగం కోసం కాదు. విండోస్ పాడైన రోజున పాటలు మరోచోట ఉండడం కోసం.

శాంపిల్ లైబ్రరీలు

నిజంగా వేగమైన డ్రైవ్ కోరేవి ముందే రికార్డు చేసి పెట్టిన ఈ వాద్య స్వరాల సేకరణలే. 1998లో వచ్చిన గిగాశాంపిలర్ సాఫ్ట్‌వేర్ ప్రతి స్వరం మొదటి ముక్కను మాత్రమే ర్యామ్‌లో ఉంచి, మీట నొక్కాక మిగతాది డిస్కు నుంచి అందిస్తూ పోయే పద్ధతి తెచ్చింది. 2002 నుంచి ఉన్న కాంటాక్ట్ శాంపిలర్ కూడా పెద్ద లైబ్రరీలను ఇలాగే నడుపుతుంది. వంద స్టీరియో స్వరాలు ఒకేసారి మోగితే సెకనుకు 28.8 ఎంబీ కావాలి. అంకె చిన్నదే, కానీ ఆ శబ్దం డిస్కు మీద వంద చోట్ల ఉంటుంది. హార్డ్ డిస్కు చతికిలపడేది ఇక్కడే. ఉన్నది ఒక్క ఎస్‌ఎస్‌డీ అయితే అందులో సిస్టమ్‌తోపాటు లైబ్రరీలకు చోటివ్వాలి. లాజిక్ ప్రో పూర్తి సౌండ్ లైబ్రరీకే సుమారు 72 జీబీ అవుతుంది. దాన్ని వేరే డ్రైవ్‌కు మార్చే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. డప్పును, కంజిరను మనిషి చేత వాయించి పట్టుకునే జానపద స్టూడియోకు ఈ బరువు చాలావరకు ఉండదు. ఆ డబ్బుతో మంచి మైకు కొనుక్కోవచ్చు.

జాతరలో రికార్డింగ్: ఏడుపాయల

మెదక్ జిల్లా పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర నది ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గా భవాని గుడి ఉంది. మహాశివరాత్రి నుంచి మూడు రోజుల జాతర: మొదటి రోజు ఉపవాసం, జాగరణ, రెండో రోజు బండ్లు తిరగడం, మూడో రోజు రథోత్సవం. డప్పుల దరువు, శివసత్తుల పూనకాలు, బోనాలు, భజనలు, దుకాణాల మైకులు అన్నీ ఒక్కసారే చెవిన పడతాయి. స్టూడియోలో నచ్చకపోతే ఇంకో టేక్ తీసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. పూనకంలో ఒక అవ్వ ఎత్తుకున్న పాట ఆమె మళ్లీ అదే తీరున పాడకపోవచ్చు. అందుకే ఇక్కడ డ్రైవ్ ఎంపికను నిల్వ భద్రత కోణంలోంచే చూడాలి.

తిరిగే డిస్కుకు పెద్ద శబ్దం ప్రత్యక్ష శత్రువు. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల పెట్టె ముందు నిలబడి కేకలు వేసి, ఆ కేకలకు డిస్కుల ఆలస్యం పెరగడాన్ని తెర మీద చూపించాడు. 2016లో బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే వ్యవస్థను పరీక్షిస్తే, గ్యాసు విడుదలైన హోరుకే హార్డ్ డిస్కులు దెబ్బతిన్నాయి. జానెట్ జాక్సన్ పాడిన ఒక పాటలోని ధ్వని తరంగాలు కొన్ని పాత లాప్‌టాప్ డిస్కుల సహజ కంపనంతో కలిసి ఆ యంత్రాలు ఆగిపోయేవని 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ రాశాడు. డప్పుల వరసకు, స్పీకర్ల గుట్టకు పక్కనే హార్డ్ డిస్కు ఉన్న లాప్‌టాప్ తెరిచి పెట్టడం అంటే పాటనే దాని రికార్డింగ్ మీదికి ఉసిగొల్పడం. ఇక్కడ ఎస్‌ఎస్‌డీయో, మెమరీ కార్డో తప్ప మరొకటి వద్దు.

రెండో సంగతి, ఆడియో వేరే డ్రైవ్‌లోనే పడాలన్న పాత సలహా ఇక్కడ తిరగబడుతుంది. జనం ఒరుసుకుంటూ నడిచే చోట కేబుల్‌కు వేలాడే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒక్క మోచేయి తగిలితే ఊడిపోతుంది. రాస్తుండగా ఊడితే ఫైలు పాడవుతుంది. లోపలి ఎస్‌ఎస్‌డీ మీదికే, అది సాఫ్ట్‌వేర్ ఉన్న సీ డ్రైవే అయినా సరే, రికార్డు చేయడం మేలు. విడిగా చిన్న రికార్డర్ ఒకటి అదే శబ్దాన్ని మెమరీ కార్డు మీద పట్టుకుంటూ ఉండాలి. విడదీసే పని ఆ రాత్రే, గదికి చేరాక చేయాలి: రెండు వేర్వేరు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లకు నకళ్లు.

ఏళ్ల తరబడి బీరువాలో ఉండే నకలుకు హార్డ్ డిస్కు నయం, ఎందుకంటే కరెంటు తగలకుండా చాలాకాలం ఉన్న ఎస్‌ఎస్‌డీలో డేటా క్రమంగా చెదిరే అవకాశం ఉంది. ఒక నకలు వేరే ఊళ్లో ఉండడం మంచిది. ఎగువన సింగూరు ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు మంజీర వరద గుడిలోకే వస్తుంది, పూజలు రాజగోపురం దగ్గరికి మారుతాయి. ఆ నది ఒడ్డున పట్టుకున్న పాట ఆ ఒడ్డునే ఒక్క పెట్టెలో ఉండకూడదు.

ఫైళ్ల హద్దులు

రాత్రంతా సాగే రికార్డింగ్‌కు తెలియకుండా అడ్డొచ్చేది ఫైలు సైజు. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటదు, ఫ్యాట్32 ఫార్మాట్ కూడా అంతకు మించి ఒక్క ఫైలును ఒప్పుకోదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర స్టీరియో అయితే ఈ హద్దు నాలుగు గంటలకు వస్తుంది. ఎనిమిది ఛానెళ్లను ఒకే ఫైలుగా పడితే గంటకే వచ్చేస్తుంది. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనో ఫార్మాట్ చేసుకుని, సాఫ్ట్‌వేర్‌లో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ రూపొందించిన ఆర్ఎఫ్64 రకాన్ని ఎంచుకుంటే ఈ హద్దు ఉండదు.

ఉచితమని ఎక్కువమంది వాడే ఆడాసిటీలో ఇంకో మెలిక ఉంది. ప్రాజెక్టును ముందుగా ఒక పేరుతో సేవ్ చేయకపోతే, రికార్డవుతున్నదంతా మామూలుగా సీ డ్రైవ్‌లోని తాత్కాలిక ఫోల్డర్‌లోకే వెళ్తుంది. 32 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకు గంటకు దాదాపు 1.4 జీబీ. సీ నిండిందంటే డీ ఎంత ఖాళీగా ఉన్నా రికార్డింగ్ ఆగిపోతుంది. అందుకని ఖాళీ ప్రాజెక్టును ముందే సేవ్ చేసి, ఆ తర్వాతే ఎర్ర బటన్ నొక్కాలి. నకళ్లు తీశాక ప్రతి ఫైలునూ నకలు నుంచే తెరిచి చివరి నిమిషం దాకా వినాలి, అప్పటిదాకా మెమరీ కార్డును ఖాళీ చేయకూడదు.