గాజు కూజా, ఒక దివాను

ఎర్రుపాలెంలో మా ముందుగది బీరువాలో అమ్మమ్మనాటి నీలి గాజు పూలకూజా, ప్రక్కనే మనుమరాలు తెచ్చిన అక్రిలిక్ హంస. వేలితో మీటితే కూజా ఖంగుమంటుంది. హంస టక్కుమని ఊరుకుంటుంది. సీసం కలిసిన గాజుకు ఆ నాదం ఉంటుంది!

వాటిని చూచినప్పుడల్లా మూడవ సాలార్‌జంగు గుర్తుకు వస్తాడు. 1912లో నిజాముకు దివానై, 1914లో పదవి వదలిన మీర్ యూసుఫ్ అలీఖాన్, ఆపై జీవితమంతా సేకరణకే వెచ్చించాడు. వెనిస్, బొహీమియా, ఫ్రాన్సు, ఇంగ్లండు గాజుసామగ్రి దివాన్ దేవిడీకి చేరింది. పెండ్లి లేదు, సంతానం లేదు. 1949లో ఆయన పోయాక అదంతా ఎవరిది? 1951 డిసెంబరు 16న నెహ్రూ అక్కడే ప్రదర్శనశాల ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతి సొత్తయింది. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనం చేరింది. (పిల్లలు మాత్రం గడియారం చూచి వచ్చేస్తారు.)

"తాతయ్యా, కూజా నాకిస్తావా?" అని సంక్రాంతికి మనుమరాలు అడిగింది. ఇంకా బదులు చెప్పలేదు.