మిట్ట లేని సీమ

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్నదే దివిసీమ. నది తెచ్చి పోసిన ఒండ్రు నేల, బంగారం పండే మాగాణి. ఆ నేలకున్న లోటల్లా ఒక్కటే. ఎటు చూసినా బల్లపరుపు. నీళ్లు మీదికొస్తే ఎక్కి నిలబడడానికి మిట్ట లేదు.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం, చేలు కోతకు దగ్గరపడ్డాయి. పనులకని పొరుగు ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు పాకలు వేసుకుని ఉన్నారు. తుఫాను వస్తోందని రేడియో చెప్పింది. కానీ ఎప్పుడు ఊరు వదలాలో, ఏ దారిన పోవాలో, ఎక్కడ తలదాచుకోవాలో చెప్పే దిక్కు లేదు. తుఫాన్లు ఆ తీరానికి కొత్తా? ఎప్పటిలాగే ఇంటికప్పుల మీద తాళ్లు బిగించి, పిల్లల్ని దగ్గరికి తీసుకుని లోపల కూర్చున్నారు.

జనాన్ని పొట్టన పెట్టుకున్నది గాలి కాదు, ఉప్పెన. అక్కడ సముద్రం ఒడ్డు నుంచి చాలా దూరం దాకా లోతు తక్కువ. పెనుగాలి నెట్టుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి ఉండదు, అందుకే పైకి లేస్తుంది. మూడు నిలువుల ఎత్తున లేచిన ఆ నీళ్లు మైళ్ల కొద్దీ లోపలికి వచ్చాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, మూలపాలెం, హంసలదీవి. ఈ పేర్లు ఇవాళ్టికీ నోటికి బరువుగానే తగులుతాయి.

మట్టిగోడలు కరిగిపోయాయి. తాటాకు కప్పులు మనుషులతో సహా తేలిపోయాయి. తాటిచెట్టును కావలించుకుని రాత్రంతా వేలాడినవాళ్లు కొందరు బతికారు, రొమ్ము మీద తోలు లేచిపోయి. దాబా ఎక్కగలిగినవాళ్లు బతికారు. అలాంటి దాబాలు ఎన్ని ఊళ్లలో ఉన్నాయి గనక? తెల్లారేసరికి తుమ్మకంపల్లో శవాలు. ఏ తల్లి బిడ్డో గుర్తుపట్టే వీలు లేక గుట్టలుగా పేర్చి కాల్చారు. పశువులు లక్షల్లో పోయాయి. సర్కారు లెక్కలోనే మృతులు పదివేల పైమాట. జనం చెప్పే లెక్క అంతకు కొన్ని రెట్లు. వలస వచ్చిన కూలీల పేర్లు ఆ ఊళ్ల కాగితాల్లో లేవు, వాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు. నాకు అన్నింటికంటే ఎక్కువ కడుపుకోత కలిగించేది ఇదే.

ఇది ఎవరూ ఊహించలేని విపత్తు అనడానికి లేదు. పక్కనే ఉన్న బందరును 1864 నవంబరు 1న ఇలాంటి ఉప్పెనే ముంచింది. ముప్ఫై వేల మంది పోయారు. ఆ తర్వాత నూట పదమూడేళ్లు గడిచాయి. ఆ ఊళ్లలో ఎత్తయిన గట్టి కట్టడాలు వెలవలేదు, జనాన్ని ముందుగా తరలించే ఏర్పాటు పుట్టలేదు.

దివిసీమ మునిగాక దేశం కదిలింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించారు. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి, ఒడ్డున సరుగుడు తోటలు పెంచారు. 1990 మే 9న మరో పెనుతుఫాను ఇదే కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. అయినా ప్రాణాలు పోయాయి, కానీ వెయ్యి లోపు. పదమూడేళ్ల ముందు ఆ పనే జరిగి ఉంటే సొర్లగొందిలో ఎన్ని ఇళ్లలో దీపం వెలిగేదో!

ఆ షెల్టర్లలో కొన్ని ఉప్పుగాలికి పెచ్చులూడి, ఇనుము బయటపడి పాడుబడ్డాయి. ఉప్పెన దూకుడును అడ్డుకునే మడ అడవులను చాలాచోట్ల కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వారు. ఆ రాత్రిని చూసినవాళ్లు ముసలివాళ్లైపోతున్నారు. వాళ్లుండగానే ఊరూరా కూర్చోబెట్టి అడగాలి: నీళ్లు ముందు ఎటు నుంచి వచ్చాయి, ఏ గోడ దాకా లేచాయి, ఏ దారి మొదట తెగిపోయింది?