ఆదోని సీమ: రెండు సంధులు, ఒక నది (1787–1800)

సంధి యుద్ధాన్ని ముగిస్తుంది. అది ప్రజలకు శాంతిని కూడా ఇచ్చిందా అన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం తగిన క్షేత్రం.

నిజాం అలీఖాన్ సోదరుడు బసాలత్ జంగ్‌కు ఆదోని జాగీరు. 1782లో ఆయన మరణించాక అది కుమారుని అధీనంలోకి వచ్చింది. 1786లో టిప్పు సుల్తాన్ ఆదోనిని ముట్టడించి, కోటను ధ్వంసం చేశాడు. 1787 నాటి గజేంద్రగడ సంధితో ఆదోని తిరిగి నిజాంకు దక్కింది.

1799లో శ్రీరంగపట్నం పతనంతో మైసూరు ప్రతిఘటన ముగిసింది. 1800 అక్టోబరు 12న నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య సంధి కుదిరింది. సహాయక సైన్యపు ఖర్చు నిమిత్తం, మైసూరు యుద్ధాల్లో తాను పొందిన ప్రాంతాలను నిజాం కంపెనీకి వదులుకున్నాడు. అయితే ఆదోని ఆ యుద్ధాల్లో లభించినది కాదు. అంతకుముందే నిజాం రాజ్యంలో భాగం. తుంగభద్రను సరిహద్దుగా నిలపడానికి, నదికి ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ తదితర తాలూకాలను నిజాం అట్టిపెట్టుకుని, వాటికి మారుగా ఆదోనిని ఇచ్చాడు. ఏ గజేంద్రగడ వద్ద జరిగిన సంధి ఆదోనిని నిజాంకు చేర్చిందో, పదమూడేళ్లకు ఆ గజేంద్రగడ కోసమే నిజాం దానిని విడిచిపెట్టాడు.

ఈ మార్పిడిలో స్థానికుల ప్రమేయం లేదు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో (1800–1807) పాలెగాండ్రను అణచి, శిస్తు వసూలును క్రమబద్ధం చేశాడు. 1801లో తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు విషయంలో ఎదురుతిరగగా, కంపెనీ సైన్యంతో అణచివేసింది. అంటే సంధి జరిగిన మరుసటి ఏడాదే ఈ సీమలో తుపాకులు మళ్లీ మోగాయి.

నాటి విభజన ఫలితాలు దీర్ఘకాలం నిలిచాయి. కర్నూలు 1839 వరకు నవాబుల ఏలుబడిలో ఉండగా, ఆదోని కంపెనీ పాలనలో ఉండి, తరువాత బళ్లారి జిల్లాలో కొనసాగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. 'దత్తమండలాలు' అనే పేరును తోసిపుచ్చి 1928 నంద్యాల సభల్లో 'రాయలసీమ' అనే పేరును స్వీకరించడం వెనుక, తమను అడగకుండా ఇచ్చివేశారన్న స్పృహ ఉంది. కాబట్టి 1800 సంధిని శాంతి ఒప్పందంగా కంటే భూమి, శిస్తు, సైన్యాల లెక్కను సరిచేసుకున్న పత్రంగా చదవడమే సమంజసం.